తోకకు చుట్టిన బీడీ దారం

మా బొగ్గుబాయి ఊళ్లో నా చెయ్యి పడకుండా ఒక్క కుక్కకూ తోక ఊడలేదు. కత్తి పట్టకుండా, నెత్తురు చుక్క నేల మీద పడకుండా, కుక్క కుయ్యిమనకుండా తోక తీసే విద్య ఆ చుట్టుపక్కల నాకొక్కడికే తెలుసు. లైన్లలో కుక్కలు నన్ను చూస్తే తమంతట తామే వెనక్కి తిరిగి నిలబడేవి. ఒకనాడు మేనేజరు దొర బంగ్లా నుంచి జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి, “లింగయ్యగారున్నారా? అమ్మగారి కుక్క పిల్లలు పెట్టింది, తోకలు తియ్యాలట” అన్నాడు. నేనప్పుడు గటక తింటున్నాను. చెయ్యి కడుక్కుని వస్తానని చెప్పి జీపును ఎండలో నిలబెట్టాను. ఈ ముచ్చట నేను మంచిర్యాల స్టేషనులో చెప్పాను, మంగలి షాపులో చెప్పాను, వియ్యంకులకు చెప్పాను. చెప్పినకొద్దీ జీపు కొత్తదైంది, డ్రైవరు నడుము వంగింది, దొరసాని స్వయంగా గేటు దాకా ఎదురొచ్చింది. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా బతుకంతా పెట్టెలు లెక్కపెట్టినవాడికి చెప్పుకోవడానికి ఇంకేం ఉంటుంది?

ఈ మధ్య మా మల్లక్కను చూద్దామని కరీంనగర్ పోయాను. మల్లక్క నాకన్నా పెద్దది. నాకు మిగిలిన ఒకే ఒక్క తోబుట్టువు. చూపు తగ్గింది గానీ చెవులు, నోరు బాగానే ఉన్నాయి. మనవడు శ్రావణ్ దగ్గర ఉంటుంది. వాళ్ల నాన్న దుబాయిలో ఉంటాడు. శ్రావణ్‌కు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కానీ వాడి ప్రాణమంతా మిద్దె మీదే, డాబర్‌మన్ కుక్కల దగ్గర. వాటికి రేకుల షెడ్డు వేశాడు, కూలరు పెట్టాడు. గోడకు మేకు కొట్టి, షోలో గెలిచిన రంగు రంగుల రిబ్బన్లు వేలాడదీశాడు. దండెం మీద ఆరేసిన అక్క చీరల కంటే అవే ఎక్కువ కనబడతాయి. నేను పోయేసరికి వాడి రాణి అనే కుక్క పిల్లలు పెట్టి ఉంది. ఇంకా కళ్లు తెరవని పిల్లలు, నల్లగా, తడి బొగ్గుల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక్కోదానికి వేలెడు తోక. పాలు తాగుతుంటే ఆ తోకలు సన్నగా వణుకుతున్నాయి.

పశువుల డాక్టరమ్మ రాణికి సూది వేయడానికి వచ్చి ఉంది. పడుచు పిల్ల. మోచేతుల దాకా చేతులు కడుక్కుంటూనే శ్రావణ్‌ను కోప్పడుతోంది.

“చెయ్యనంటే చెయ్యను శ్రావణ్. ఎన్నిసార్లు అడిగినా గదే మాట.”

“మేడం, జర సమజ్ చేసుకోండ్రి. తోక ఉన్న డాబర్‌మన్‌ను ఎవ్వలు కొంటరు? పొలం కాడి కుక్క అనుకుంటరు. షోల నిలబెడితే నవ్వులాటైతది.”

“ఇప్పుడు తోక ఉన్నయాటిని కూడ జడ్జీలు చూస్తున్నరు. బయటి దేశాలల్ల కొన్నిచోట్ల తోక కోసినదాన్ని లోపటికే రానియ్యరు.”

“బయటి దేశంల రానియ్యకుంటే నాకేంది మేడం? నా గిరాకీ జగిత్యాల, పెద్దపల్లి. ఆళ్లు ఫోన్ల బొమ్మ చూపెట్టి గిట్లనే ఉండాలె అంటరు. మరి వేటకుక్కలకు కోస్తలేరా? ముళ్లల్ల చీరుకపోతదని? మందల కుక్కలకు చెవులు కోస్తలేరా, చిరుతకు దొరకొద్దని?”

“నీ కుక్క ముళ్లల్ల ఎప్పుడు తిరిగింది? గీ మిద్దె మీదున్నది ఒక్క తులసి చెట్టు.”

శ్రావణ్ నవ్వాడు గానీ తగ్గలేదు. డాక్టర్లు చేయకపోతే రబ్బరు బ్యాండు కడతానన్నాడు. ఫోన్లో చూసి నేర్చుకున్నాడట. తోక మొదట్లో బిగించి కడితే నెత్తురు ఆగి, నాలుగు రోజుల్లో ఎండి, దానంతట అదే రాలిపోతుందట. డాక్టరమ్మ తువ్వాలు పక్కన పడేసింది. “అండ్ల ఎముకుంటది, నరాలుంటయి. మాట రాని పసిదాని వేలుకు రబ్బరు కట్టి, రాలిపోయేదాక చూస్తవా? అయినా కుక్కకు నోటి కంటె తోకే ఎక్కువ మాట్లాడతది. పుట్టంగనే నాలుక కోసినట్టే గది,” అంది.

అప్పుడు శ్రావణ్ నా వైపు తిరిగాడు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, అక్క చేసిన సర్వపిండి తుంచుకు తింటూ, న్యాయం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా వింటున్నాను. అక్క గోడ నీడలో చాప మీద కూచుని చింతపండులో గింజలు తీస్తోంది.

“తాతా, నువ్వు చెప్పు. మీ లైన్లల గప్పుడు దారం కట్టే తీసిండ్రట కదా. ఏమన్న అయిందా ఆటికి?”

చూడండి, మనిషిని ఎక్కడ పట్టుకోవాలో ఆ పిల్లాడికి తెలుసు. నేను గొంతు సవరించుకున్నాను. జీపు, డ్రైవరు, దొరసాని, అన్నీ వరసగా వచ్చేశాయి. డాక్టరమ్మ ఓపికగా విని, “పుండు కాలేదా పెద్దయ్యా?” అని అడిగింది.

“పుండా? అమ్మా, మా నల్లోడు తోక పోయినంక దొర లెక్క తిరిగిండు. లైన్లల మనుషులు లేచి తొవ్వ ఇచ్చేటోళ్లు,” అన్నాను.

“ఇన్నరా మేడం?” అన్నాడు శ్రావణ్. అక్క చింతపండు మీద నుంచి తలెత్తి నా వైపు చూసింది. నా ముఖం ఆమెకు సరిగా కనబడదని నాకు తెలుసు. అయినా చాలాసేపు చూసింది. డాక్టరమ్మ సంచీ సర్దుకుని మెట్లు దిగిపోయింది. మర్నాడు నేను మంచిర్యాల చేరేలోపు ఫోనులో ఫోటో వచ్చింది. ప్రతి పిల్ల తోక మొదట్లో ఒక చిన్న నల్ల రబ్బరు. కింద శ్రావణ్ రాశాడు, ‘థాంక్స్ తాతా’ అని.

ఆ ఫోటో చూశాక ఇంకో పని మీద మనసు నిలవలేదు. అందుకే ఇది రాయడానికి కూచున్నాను. రాయబోయేముందు ఒక సంగతి ఒప్పుకుంటే నాకు కొంచెం తేలికవుతుంది. జీపు రాలేదు. బంగ్లా గేటు లోపల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి ముందుకు జీపు రావాలన్నా దారి ఉండేది కాదు, మురికి కాలువ అడ్డం. కుక్కలు వెనక్కి తిరిగి నిలబడడం కూడా నా కల్పనే. అసలు తోకలకు దారం కట్టింది నేను కాదు, మా అవ్వ, అంటే మా అమ్మ. నేను మూతి పట్టుకున్నాను, అంతే.

ఆ ఊరి పేరు రాయను. రాస్తే అక్కడివాళ్లు సాక్ష్యానికి వస్తారు. మంచిర్యాల దాటి బెల్లంపల్లి వైపు రైల్లో పోతుంటే ఎడమ చేతి పక్క నల్లటి గుట్టలు కనబడతాయి కదా, అలాంటి ఒక గుట్ట వెనక. లైన్లంటే గోడకు గోడ ఆనించి కట్టిన రెండు గదుల ఇళ్లు. ఒకరింట్లో తాళింపు వేస్తే వరసంతా తుమ్మేది. ఇంటి ముందు ఇనుప బొగ్గుల పొయ్యి. పొద్దున దాన్ని రాజేసి, పొగ పోయేదాకా బయట పెట్టేవాళ్లు. ఆ పసుపు పచ్చటి పొగ, బీడీలు చుట్టే తునికాకు వాసన, బాయి నుంచి వచ్చే తడి బొగ్గు వాసన, మూడూ కలిసి మా బట్టల్లోకి, అన్నంలోకి, నిద్రలోకి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడన్నా ఒకావిడ తడి గోనెసంచిలో తునికాకు కట్టలు పెట్టుకుని పోతుంటే నేను ఆమె వెనకాల నాలుగడుగులు వేస్తాను. ముసలాడికేం పోయే కాలమనుకుంటారు చూసినవాళ్లు.

అవ్వ బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, ఒక పక్క ఆకు, ఒక పక్క దారం ఉండ. ఆకును కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, మొన మడిచి, దారం చుట్టి తెంపేది. ఆ దారం గులాబీ రంగులో ఉండేది. మాట్లాడుతూనే చేసేది, తిడుతూనే చేసేది, కునుకుతూ కూడా చేసేది. మల్లక్క పక్కన కూచుని మొనలు మడిచేది. ఆ ఇనుప కత్తెర ఇంట్లో అందరికంటే విలువైనది. దాన్ని మేము ముట్టుకుంటే దెబ్బలు పడేవి. నేను ఆ ఏడు మెట్రిక్ తప్పి ఇంట్లో కూచున్నాను. మీసం వస్తోంది, పని రావడం లేదు. బాయిలో చేరడానికి వయసు చాలలేదు, బడికి పోవడానికి ముఖం చెల్లలేదు. అటువంటి వాడికి కుక్కే స్నేహితుడు.

నల్లోడు పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో పడుకునేవాడు. బాపు, అంటే మా నాన్న, బాయిలో షిఫ్టు దిగి వస్తుంటే, ఇంకా మలుపు తిరగకముందే వాడికి తెలిసిపోయేది. లేచేవాడు కాదు. పడుకున్నచోటే తోకతో నేలను కొట్టేవాడు, డబ్ డబ్ డబ్ అని. ఆ చప్పుడు విని అవ్వ చాట పక్కన పెట్టి, పొయ్యి మీది నీళ్ల గుండిగ దించి, బండ మీద చెంబు పెట్టేది. కళ్లు, పళ్లు తప్ప అంతా నల్లగా బాపు వచ్చి బండ మీద కూచునేసరికి నీళ్లు గోరువెచ్చగా తొలిపి ఉండేవి. వీపు రుద్దుతుంటే కారే నల్ల నీళ్లు కాలువలో కలిసేదాకా ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. బాయిలో ఆనాడు ఏమైందో ఆ వీపును బట్టి అవ్వకు తెలిసేది. ప్రమాదమై బాయి సైరన్ వేళ తప్పి మోగిన రోజుల్లో అవ్వ బీడీ చుట్టడం ఆపి నల్లోడి వైపే చూస్తూ కూచునేది. ఆ తోక నేలను తాకితే, మా ఇంటి మనిషి నడిచి వస్తున్నట్టు. గడియారం లేని ఇంట్లో మాకు అదే గంట, అదే కబురు.

ఊళ్లో కుక్కలెక్కువైనప్పుడు వాటిని పట్టుకుపోయే బండి వచ్చేది. ఎద్దుల బండి మీద కర్ర బోను, వెనక పట్టకార్ల లాంటి పెద్ద ఇనుప చిమ్టలు పట్టుకుని ఇద్దరు మనుషులు, ముందు కొమురయ్య అనే జమేదారు. బండి గుట్ట వెనక్కి పోయేది. అక్కడి నుంచి ఏ కుక్కా తిరిగి రాలేదు. ఎవరింటి కుక్కను వాళ్లు లోపల దాచుకునేవాళ్లు. కానీ రెండు గదుల ఇంట్లో మనుషులకే చోటు లేదు. మెడకు పట్టా ఉంటే వదిలేస్తారని ఎవరో అంటే అందరం చీర అంచులు చింపి కట్టాం. కొమురయ్య వాటిని చూసి, “బొట్టు కూడ పెట్టకపోయిండ్రా?” అని నవ్వి, చీర అంచులతో సహా పట్టుకుపోయాడు. పోశమ్మ అనే ఆవిడ కుక్క కోసం బండి వెనకాల ఏడుస్తూ గుట్ట దాకా పరిగెత్తింది.

ఇట్లా ఉండగా ఒకనాడు మా వరసలోకి మేనేజరు బంగ్లా కుక్క తప్పిపోయి వచ్చింది. బాక్సర్ జాతి, చదును మూతి, మొండి తోక. బ్రూనో దాని పేరు. మా కాలువలో పొర్లి, మా బూడిదలో పొర్లి, మా కుక్కల్లో కలిసిపోయింది. సరిగ్గా అప్పుడే బండి వచ్చింది. మేమంతా గుమ్మాల్లోంచి చూస్తున్నాం. చిమ్టా పట్టుకున్నవాడు దాని మీదికి వంగబోయాడు. కొమురయ్య ఒక్క కేక వేసి బండి మీంచి దూకాడు. కుక్క ముందు చేతులు జోడించి, “అరే బ్రూనో సాబ్, మీరిక్కడున్నరా?” అని, తన తలగుడ్డ విప్పి దాని ఒళ్లు తుడిచి, బండి అక్కడే ఆపేసి, బంగ్లా దాకా నడిపించుకుని పోయాడు. మా వరసలో ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వయ్యాక అందరం ఒకటే ఆలోచించాం. వీధి కుక్కకూ బ్రూనోకూ ఆ బురదలో తేడా ఏముంది? రంగు తెలియడం లేదు, జాతి తెలియడం లేదు. తోక లేదు. కొమురయ్య దండం పెట్టింది ఆ లేని తోకకే.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ తర్వాత ఇంకేదో వస్తుంది. కొమురయ్య బంగ్లాలో చెట్లకు నీళ్లు పోయడానికి పోయేవాడు, రోజూ ఆ కుక్కను చూసేవాడు, దాని పేరుతో సహా తెలుసు. ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. మా పక్కింటి ఓదెలు, “తోక లేకుంటే బంగ్లా కుక్క, తోకుంటే బండి కుక్క, గంతే,” అని తేల్చేశాడు. అవ్వ దారం ఉండ తీసింది. మొదట నల్లోడికే. నేను మూతి పట్టుకున్నాను. అవ్వ తోక మొదట్లో గులాబీ దారం బీడీకి చుట్టినట్టే చుట్టి, బిగించి, ముడేసింది. వాడు నా చెయ్యి నాకాడు తప్ప ఏమీ అనలేదు. ఆ రోజుల్లోనే అవ్వ కత్తెర పోయింది. ఇల్లంతా వెతికాం. ఎదురింట్లో కత్తెర అడిగి తెచ్చుకుని ఆకు కోసింది. బీడీలు తక్కువై కంపెనీవాడి చేత మాట పడింది. ఆ గొడవలో తోక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కొన్నాళ్లకు తోక ఎండి, రావి ఆకు రాలినట్టు రాలింది. నల్లోడు మొండితో లేచి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసుకుని, దొరలా నడిచాడు. ఓదెలు, “దొరగారు వస్తున్నరు, జరుగుండ్రి,” అని అరిచాడు. ఆ సాయంత్రం నుంచి వరసలో కుక్కలన్నీ మా ఇంటికొచ్చాయి. దారం ఉండలు అయిపోయాయి.

ఒక్కటి మాత్రం మేము అనుకోలేదు. బాపు వచ్చేటప్పుడు ఇక చప్పుడు లేదు. నల్లోడు బూడిదలో పడుకుని నడుమంతా ఊపేవాడు. మొండి గాలిలో ఆడేది, నేలకు తగిలేది కాదు. బాపు వచ్చి బండ మీద కూచుని, “నీళ్లేవి?” అని అడిగితే గానీ అవ్వకు తెలిసేది కాదు. సైరన్ మోగినప్పుడు అవ్వ నల్లోడి వైపు చూడడం మానేసి, మలుపు దాకా పోయి నిలబడడం మొదలుపెట్టింది.

బండి మళ్లీ వచ్చింది. మేము ఎవరం కుక్కల్ని దాచలేదు. గుమ్మాల్లో నిలబడి, పిల్లలకు చూపిస్తూ, కొమురయ్య దండం పెడతాడని ఎదురుచూశాం. కొమురయ్య దిగి, వరస పొడుగునా మొండి తోకల్ని చూసి నవ్వాడు. “బంగ్లాల ఉన్నది ఒక్కటి. లైన్లల ఇన్ని దొరలెక్కడివే?” అన్నాడు. నాలుకతో టకటకమని శబ్దం చేసి పిలిచాడు. కుక్కలు వచ్చాయి. పిలిస్తే వచ్చేవే కదా. లేని తోకల్ని ఊపుకుంటూ, నడుములు అటూ ఇటూ ఊగుతుంటే, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. నల్లోడు అన్నిటికన్నా ముందు. చిమ్టా మెడ మీద పడ్డాక కూడా వాడి నడుము ఊగుతూనే ఉంది. బోను తలుపు పడింది. బండి గుట్ట వైపు మలుపు తిరిగేదాకా కర్రల సందుల్లోంచి ఆ నడుములు ఊగడం కనబడింది. ఇన్నేళ్లలో నేను మరిచిపోలేని దృశ్యం ఏదని ఎవరన్నా అడిగితే ఇదే చెబుతాను.

అప్పుడూ ఇప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను. మేము కుక్క బతకాలని తోక తీశాం. శ్రావణ్ కుక్క అమ్ముడు పోవాలని తీశాడు. మాకు బండి భయం, వాడికి రిబ్బన్ల మీద మోజు. మేము చదువు లేక చేశాం, వాడు ఫోన్లో చదివి చేశాడు. ఇట్లా రాసుకుంటే మేమే మెరుగని నాలుగు వాక్యాలు రాయొచ్చు. రాశాను కూడా, కొట్టేశాను. రెండు చోట్లా జరిగింది ఒకటే. ఎవరిదో బంగ్లా, ఆ బంగ్లా గేటు వెనక ఎవరిదో కుక్క. మన దగ్గరున్నది దానిలా కనబడాలి. ఆ బంగ్లా ఇప్పుడు కూలిపోయింది, లైన్లలో సగం ఇళ్లకు కప్పుల్లేవు, బాయి మూసేశారు. పోలిక మాత్రం పోలేదు. డాక్టరమ్మ చెప్పింది న్యాయం. ఆమె మాట నిలవలేదు. ఆమె ఒక మిద్దె దిగిపోతే ఇంకో మిద్దె మీద ఇంకో శ్రావణ్ ఉంటాడు. వాడికి చెప్పడానికి కుర్చీలో నాలాంటి ముసలాడు ఒకడు సర్వపిండి తింటూ ఉంటాడు.

ఇక్కడిదాకా రాసి, అక్కకు చదివి వినిపిద్దామని మళ్లీ కరీంనగర్ పోయాను. శ్రావణ్ దుకాణంలో ఉన్నాడు. మిద్దె మీద పిల్లలు కళ్లు తెరిచి, షెడ్డులో పడుతూ లేస్తూ తిరుగుతున్నాయి. తోకల్లేవు. నేను వేలు చాపితే ఒకటి వచ్చి వాసన చూసి, వెనక భాగమంతా వణికించింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం మొండి దగ్గర చీము పట్టి, దూది అంటించి ఉంది. అది షెడ్డు మూల నుంచి కదలలేదు, పాలకు కూడా లేవలేదు. డాక్టరమ్మను పిలిస్తే తిడుతుందని శ్రావణ్ పిలవలేదట. పసుపు పెట్టాడట.

అక్క అదే గోడ నీడలో కూచుని ఉంది. నేను చదివాను. బ్రూనో సాబ్ దగ్గర నవ్వుతుందనుకున్నాను, కొంచెం నవ్వింది. బాపు వీపు దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుంది. బండి దగ్గర నేను ఆగి ఆగి చదివాను. చివరిదాకా చదివి, కాగితాలు మడిచి, “ఎట్లుందక్కా?” అన్నాను.

“మంచిగ రాసినవ్. గొంతు మస్తు వణికింది,” అంది. కాసేపు మోకాలు ఒత్తుకుంది.

“నల్లోడు బండిల ఎప్పుడు పోయిండురా?”

నేను కాగితం విప్పబోయాను.

“కాయితం సూడకు, నన్ను సూడు. బండి రాకముందే సచ్చిండు వాడు. దారం కట్టిన కాడ కుళ్లి, పురుగులు వడి, గా బూడిదలనే సచ్చిండు. తోక సగమే ఊడింది. వాన్ని సూసి ఓదెలు, పోశమ్మ, అందరు తమ కుక్కల దారాలు తెంపిండ్రు. బండొచ్చిన నాడు కుక్కలన్ని తోకలు ఊపుకుంటనే పోయినయి. ఆ మొండి నడుములు నీ కాయితంల ఊగినయి గని లైన్లల ఊగలే.”

“అవ్వ కట్టింది కదా అక్కా...”

“అవ్వ మీద పెట్టకు, సచ్చినామె రాదు చెప్పనీకి. కట్టింది నువ్వు. అవ్వ తెంపబోతే కత్తెర దాసినవ్. గది పోలే, నువ్వు పండే గోనెసంచి కింద ఉండె, నాకెరుకే. బతికించుకుంట అని ఏడ్సుకుంటనే దాసినవ్, గందుకే నేను అవ్వకు చెప్పలే.”

మూలన దూది అంటించిన పిల్ల సన్నగా మూలిగింది. అక్క అటు తల తిప్పింది.

“ఆనాడు పోరడు అడిగితే నీ నోట నిజం వస్తదని సూసిన. ముసల్దాన్ని, నా మాట ఎవ్వలింటరు? నువ్వు చదువుకున్నోనివి, నీ మాట ఇన్నడు. గిప్పుడు నాకు సదివి ఇనిపిస్తే ఏమొస్తదిరా లింగా? గీ పిల్లల తోకలు రాలితే పొద్దుగాల చీపురుతోని ఊడ్సి పారబోసింది నేను.”